పెట్టెలో లేని వాక్యం

సేవలోకి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టర్లు అప్పుడప్పుడు కరీంనగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ నా పాత ఫోన్ వైపు జాలిగా చూసి, "అయ్యగారూ, గీ ఫోన్ల సౌలతులేం లేకుంట మీ కాలంల సంఘాన్ని ఎట్ల నడిపిన్రు?" అని అడుగుతారు. నాయనలారా, సౌలతులు లేనప్పుడు నాకు ఒక్కటే పని, సంఘాన్ని నడపడం. అవి వచ్చాక రెండు పనులయ్యాయి. సంఘాన్ని నడపడం ఒకటి, సౌలతులు చేసిన నిర్వాకాన్ని సర్దడం ఇంకొకటి. ఆ రెండో పని ఒకసారి ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ సంగతి చెప్తాను. మీకు నవ్వొస్తే నవ్వండి, అప్పుడు మాత్రం నాకు రాలేదు.

నేను పుట్టింది హుజూరాబాద్ దగ్గర. సేవ మొదలుపెట్టింది ఇచ్చోడ వైపు, తర్వాత ఖానాపూర్, ఆ తర్వాత గోదావరి ఒడ్డున బొగ్గు గనుల టౌన్‌షిప్. ఆ టౌన్‌షిప్‌కు నన్ను రెండుసార్లు పంపారు. మొదటిసారి నల్లటి జుట్టుతో పోయాను. రెండోసారి, రిటైర్మెంటు దగ్గర పడ్డాక, జుట్టు లేకుండా పోయాను. ఈ కథ రెండోసారిది.

అప్పటికే సంఘమంతా ఫోన్లలోకి మారిపోయింది. తలలు వంచిన వాళ్లను వేదిక మీదనుంచి చూస్తే ఎంత భక్తి అనిపించేది. దగ్గరికి పోతే కదా తెలిసేది. వెనకటికి నేను ఫలానా అధ్యాయం తీయండి అంటే పేజీలు తిప్పే చప్పుడు చర్చి అంతా వినబడేది. అది ఆగేదాకా నాకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికేది. ఇప్పుడు నేను నోరు మూయకముందే అందరికీ దొరికేస్తుంది. ఇక చదవండి అన్నట్టు నా వైపే చూస్తారు. ఒక ఆదివారం ఒక పెద్దమనిషి ఫోన్లో కీర్తన చదువుతుండగా మధ్యలో నడుం నొప్పి తైలం ప్రకటన వచ్చింది. ఆయన ఆగకుండా అదీ చదివేశాడు. సంఘం అలవాటు కొద్దీ ఆమెన్ అన్నది. చర్చి గడప తొక్కి ఏళ్లయిన వాళ్లు వాట్సాప్ గ్రూపులో తెల్లారకముందే పది వాక్యాలు పంపేవాళ్లు. వాళ్లకు వచ్చే నమస్కారం బొమ్మల్లో సగం నా ప్రసంగానికి వచ్చినా నేను ధన్యుణ్ణే.

ఫోన్‌ను తిట్టడానికి కూర్చోలేదు లెండి. చత్వారం వచ్చిన అమ్మలు అక్షరాలు పెద్దవి చేసుకుని మురిసిపోతూ చదవడం చూశాను. నైట్ షిఫ్టు నుంచి వచ్చి కళ్లు తెరవలేని కార్మికుడు చెవిలో పెట్టుకుని అధ్యాయాలు వినడం చూశాను. అవన్నీ మంచివే. ఫోన్ చేతికి రాగానే బుద్ధిని సెలవు మీద పంపేవాళ్లతోనే నా గొడవ.

మా సంఘాల్లో ఒక ఆచారం ఉంది. జనవరి ఒకటో తేదీ పొద్దున ఆరాధన కాగానే వాగ్దానాల పెట్టె తెస్తారు. ఒక్కొక్కరూ వచ్చి కళ్లు మూసుకుని ఒక చీటీ తీస్తారు. అందులో ఉన్న వాక్యం ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికి ఇచ్చిన మాట. కొందరు తలుపుకు అంటిస్తారు, కొందరు దిండు కింద పెట్టుకుంటారు. ఒకసారి తీసిన చీటీని మార్చుకోకూడదు. వచ్చిందేదో వచ్చినట్టే.

మా పెట్టె టేకు చెక్కది, ఖానాపూర్‌లో ఒక వడ్రంగి చేసిచ్చాడు. చీటీలు మాత్రం మా ఆవిడ చేసేది. డిసెంబరు వచ్చిందంటే పాత క్రిస్మస్ కార్డుల్లో తెల్లగా ఉన్న భాగం కత్తిరించి, వంటింట్లో పీట మీద కూర్చుని, తన గుండ్రటి అక్షరాలతో వాక్యాలు రాసేది. పరిశుద్ధ గ్రంథంలో శాపాలున్నాయి, తెగుళ్లున్నాయి, యుద్ధాల్లో చచ్చినవాళ్ల లెక్కలున్నాయి. అవేవీ పెట్టెలోకి వచ్చేవి కావు. "ఏడాది పొడుగూత మోసేది. బరువు తక్కువుండాలె," అనేది. అట్లా ఏ ఊళ్లో ఉన్నా, ఏ ఇంటికీ చెడ్డ వాక్యం పోలేదు. దేవుడు ఎంత దయామయుడో అని సంఘం ఆశ్చర్యపోయేది. మా ఆవిడ మాత్రం తన పాటికి అన్నం వండుకునేది.

సంఘ కార్యదర్శి గని ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు. మంచివాడే, అయితే చేతిలో ఫోన్ ఉన్నంతసేపూ ఆ మంచితనం ఎటో పోయేది. ఆయన అల్లుడు హైదరాబాదులో కంప్యూటర్ల పని చేస్తాడు. ఏ కంప్యూటరు, ఏ పని అని మేమెవరం అడగలేదు. డిసెంబరు కమిటీలో కార్యదర్శి లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఇంక ఎన్నొద్దులు గీ చీటీలు? మా అల్లుడు ఒకటి తయారుజేసిండు. ఎవల ఫోన్ల వాళ్లు బొత్తాం ఒత్తితే వాళ్ల వాగ్దానం వాళ్లకు వస్తది. గ్రంథం మొత్తం ఎక్కిచ్చిండు."

"మొత్తమా?" అన్నాను.

"మొత్తం. మొదటి సంది చివరి దాక. ఒక్క ముక్క ఇడువలే."

"అన్నా, వాగ్దానాలంటే వేరు గదా. జర ఏరి ఎక్కిస్తే..."

"అంతా దేవుని మాటనే గదా అయ్యగారూ! అండ్ల మంచిది, చెడ్డది అని ఏరనీకి మనమెవలం?"

కమిటీ ఆమెన్ అన్నది. నేనేం చెప్పను? ఏళ్ల తరబడి మా ఇంటి వంటగదిలో పీట మీద ఆ ఏరివేత నడుస్తోందనా? పైగా జనవరి ఒకటిన దాన్ని ఆశీర్వదించమన్నారు. నేను కూడా గొంతు సవరించుకుని, "దేవునికి చెక్కైనా ఒకటే, ఫోనైనా ఒకటే," అని గంభీరంగా ప్రసంగించాను. మా ఆవిడ ముందు రోజే పెట్టెను అల్మారా మీదికి ఎక్కించి, "కానియ్యిన్రి. ఎవలకేమొస్తదో సూద్దాం," అంది.

సూశాం. బొత్తాలు ఒత్తారు. తర్వాత గుసగుసలు. పెళ్లయి నెల తిరగని జంటకు చర్మం మీద తెల్లమచ్చలను యాజకుడు ఎట్లా పరీక్షించాలో వచ్చింది. బడి పంతులమ్మకు తినకూడని పక్షుల పేర్లు వచ్చాయి. దర్జీకి గుడారపు తెరల పొడవు, వెడల్పు మూరల్లో వచ్చాయి. నాకు కనబడినంతలో సంతోషపడ్డవాడు అతనొక్కడే. కార్యదర్శికి ఊరందరి పాపాలు మోపి అడవిలోకి తోలేసే మేకపోతు వచ్చింది. నాకేమో, ఒక బట్టతల ప్రవక్తను పిల్లలు వెంటపడి వెక్కిరించిన ముచ్చట వచ్చింది. వెనక బెంచీల పిల్లలకు అది ఎట్లా తెలిసిందో కానీ ఆ సాయంత్రానికల్లా తెలిసింది.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ముందు బెంచీలో కూర్చున్న పెద్దాయనకు వచ్చినదాన్ని చూసి నేను నవ్వలేకపోయాను.

ఆయన భూగర్భ గనిలో కప్పు చూసే పని చేసి రిటైరయ్యాడు. పనివాళ్లు లోపలికి పోకముందు కర్రతో పైకప్పును కొట్టి, ఆ చప్పుడు వినాలి. గట్టి చప్పుడు వస్తే పోవచ్చు, డొల్ల చప్పుడు వస్తే ఆగాలి. ఆ అలవాటు ఆయనకు పోలేదు. బల్లను, గోడను, కొనబోయే కుండను, అన్నిటినీ వేలితో కొట్టి చెవి వంచి వినేవాడు. నేను మొదటిసారి ఆ ఊళ్లో ఉన్నప్పుడు, కాలు జారనివ్వనని దేవుడు మాటిచ్చే వాక్యం ఆయనకు చీటీలో వచ్చింది. ఆ యేడే గనిలో కప్పు కూలింది. ఆయన ఒక్క అడుగు పక్కకు వేసి బతికాడు. ఆ చీటీని టోపీలో దాచుకున్నాడు. అప్పటినుంచి ఆయన దృష్టిలో జనవరి ఒకటిన వచ్చిన మాటకు తిరుగు లేదు.

అప్పటికి ఆయన గుండె నాళాలు మూసుకుపోయి ఉన్నాయి. కరీంనగర్ డాక్టర్లు చూసి, ఆపరేషన్ చేయాలి, ఆలస్యం చేస్తే బతకడం కష్టం అని చెప్పి, జనవరిలోనే రమ్మన్నారు. అట్లాంటి మనిషి బొత్తాం ఒత్తితే, జబ్బుపడ్డ ఒక రాజు దగ్గరికి ప్రవక్త వచ్చి, ఇల్లు సర్దుకో, నువ్వింక బతకవు అని చెప్పిన మాట వచ్చింది.

ఆయన సర్దడం మొదలుపెట్టాడు. నాలుగు రోజుల తర్వాత నేను వాళ్లింటికి పోయేసరికి తలుపు గొళ్లెం బిగిస్తున్నాడు. టౌన్‌షిప్ పక్కనే కట్టుకున్న రెండు గదుల మిద్దె అది. గోడలకు కొత్త సున్నం. పెరట్లో ఏళ్లనాటి ఇనుప సామాను మాయం. పెళ్లయిన నాటి నుంచి చీపురు ముట్టని మనిషి ఇల్లంతా అద్దంలా చేశాడు.

"ఏం పెద్దన్నా, దవాఖానకు పోయే పని పెట్టుకుని గిప్పుడు గొళ్లేలు బిగిస్తున్నవ్?"

"పోతలేను అయ్యగారూ. ఇల్లు సర్దుకోమని వచ్చింది గదా. సర్దుతున్న."

"గా కథ గక్కడితోని అయిపోలేదన్నా. రాజు గోడ దిక్కు తిరిగి ఏడ్చిండు. దేవుడు కరిగి ఇంకో పదిహేనేండ్లు ఇచ్చిండు. తర్వాతి ముక్క చదువు."

"ఎరుకే. చిన్నప్పుడు ఆదివారం బడిల నేర్చుకున్న. పదిహేనేండ్లు వచ్చింది రాజుకు. నాకు వచ్చింది గీ మొదటి ముక్క. తర్వాతి ముక్క ఎవల ఫోన్ల వచ్చిందో వాళ్ల నసీబు."

"అది యంత్రమన్నా. దానికేం తెలుసు?"

"పెట్టెకేం తెలుసు మరి? చెక్కైనా ఒకటే, ఫోనైనా ఒకటే అని మీరే గద చెప్పిన్రు. నేను ముందటి బెంచీలనే కూసున్న." ఆయన పక్కనున్న ముక్కాలిపీటను వేలితో కొట్టి విన్నాడు. "మీ మాటల డొల్ల సప్పుడు వస్తుంది అయ్యగారూ."

ఆయన భార్య చాయ్ తెచ్చి పెట్టి మాట్లాడకుండా లోపలికి పోయింది. అది నాకు వింతగా తోచింది. ఆమె నోరు ఆ వాడలో పేరుమోసింది. గని సైరన్ వినబడకపోయినా ఆమె గొంతు విని షిఫ్టుకు లేచినవాళ్లున్నారు. అట్లాంటి మనిషి చాయ్‌లో చక్కెర సరిపోయిందా అని కూడా అడగలేదు. దుఃఖం వల్ల కాబోలు అనుకున్నాను.

నేను పోయి కార్యదర్శిని పట్టుకున్నాను. ఆయనకూ భయమేసింది. భయమేస్తే ఆయన చేసే పని ఒకటే, గ్రూపులో ప్రకటన పెట్టడం. సాంకేతిక కారణాల వల్ల ఈ సంవత్సరపు వాగ్దానాలు రద్దు చేయడమైనదనీ, వచ్చే ఆదివారం సవరించిన వాగ్దానాలు ఇవ్వబడతాయనీ పెట్టాడు. పరలోకం తరఫున అట్లాంటి నోటీసు అంతకుముందు ఎవరూ ఇచ్చి ఉండరు. తెల్లమచ్చల జంట వెంటనే ఆమెన్ పెట్టింది. దర్జీ ఒప్పుకోలేదు. "నా వాక్యం నేనియ్య. తెరల కొలతలు వచ్చినయ్, వారంలనే బడిపిల్లల డ్రెస్సులు కుట్టే బేరం తగిలింది. రద్దు జేస్తే బేరం మీరిస్తరా?" అని గొంతు రికార్డు చేసి పంపాడు. మంచి వాక్యాలు వచ్చిన నలుగురైదుగురు దర్జీ వెనక చేరారు. చెడ్డవి వచ్చినవాళ్లు ఇంకో గ్రూపు పెట్టుకున్నారు. ఐకమత్యం గురించి నేను చేసిన ప్రసంగాలన్నీ ఆ ఒక్క మధ్యాహ్నంలో మట్టి కొట్టుకుపోయాయి.

పెద్దాయన ఆ ప్రకటన చదివి నాతో అన్న మాట ఇది. "దేవుడు సవరణ పంపుతడా అయ్యగారూ? గట్లయితే పది ఆజ్ఞలకు ముందుగాల పంపుతుండె."

ఇక దాచి లాభం లేదని, అల్మారా మీద పెట్టెను దింపి చంకన పెట్టుకుని మళ్లీ పోయాను. దాని మూత తీసి ఉన్నదున్నట్టు చెప్పాను. "అన్నా, గింతకాలం గీ పెట్టెల ఒక్క చెడ్డ మాటన్న వచ్చిందా? ఎందుకు రాలే? మా ఆమె ఏరింది. మంచియి రాసి, చెడ్డయి పక్కకు పెట్టింది. నీ టోపీలున్న చీటీ గూడ ఆమె ఏరిందే. ఫోన్ల ఎవలూ ఏరలే. గందుకే నీకు గా ముక్క వచ్చింది. దేవుడు పంపలే."

ఆ టోపీలోని చీటీ మీద ఆ మనిషి ఇన్నేళ్ల నమ్మకం నిలబడి ఉంది. దాన్ని నా నోటితో కూల్చేస్తున్నానేమో అనిపించింది. కానీ నమ్మకం నిలబడి మనిషి పోతే ఏం ఫాయిదా?

ఆయన పెట్టెను ఒళ్లో పెట్టుకుని వేలితో కొట్టాడు. "టేకు. గట్టిదే," అన్నాడు. దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. నా మాట పనిచేసిందనుకున్నాను.

"అమ్మగారు ఏరింది. మంచిదే. అమ్మగారితోని ఏరిపిచ్చింది ఎవలు?"

నేను పెట్టె మూతను చేతిలో అటూ ఇటూ తిప్పాను.

"దేవుడే గదా. మరి ఫోన్ల ఏరకుండ ఇడిచిపెట్టింది గూడ ఆయననే. నన్ను పరేషాన్ జెయ్యకున్రి అయ్యగారూ. ఇగ కప్పు మీద పగులు ఒకటి మిగిలింది. అది పూడిస్తే నా పని అయిపోతది."

వేదాంత కళాశాలలో నాకు పరీక్షలు పెట్టిన పెద్దలెవరూ ఆ ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే నేను అక్కడే ఫెయిలై, ఏ బస్ డిపోలోనో హాయిగా పనిచేసుకునేవాణ్ణి. ఇంటికి వస్తుంటే నాకు భయం వేసింది, కోపం కూడా వచ్చింది. కార్యదర్శి మీద, అల్లుడి మీద, అన్నిటికీ ఆమెన్ అనే సంఘం మీద. ఆ మనిషి కళ్లముందే చచ్చిపోతాడు, నేను దగ్గరుండి మంచి ప్రసంగం చేసి పాతిపెడతాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదని అనిపించింది.

మా ఆవిడ అంతా విని, "మీరు గా అన్నకు చెప్పుడు ఇడిసిపెట్టున్రి. గా అక్క ఎందుకు మాట్లాడ్తలేదో సూడాలె," అంది. సంచిలో చిక్కుడుకాయలు వేసుకుని బయలుదేరింది. ఆడవాళ్లు కలిసి చిక్కుడుకాయలు గిల్లుతుంటే బయటికి రాని మాట ఉండదని ఆమె సిద్ధాంతం. మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది. నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది.

"ఆమెకేం వాక్యం వచ్చిందో ఎరుకేనా మీకు?"

ఎవరం అడగలేదు. ఆమెకు చదువు రాదు. జనవరి ఒకటిన ఫోనే గొంతు పెట్టి చెవిలో చదివి వినిపించిందట. గయ్యాళి పెళ్లాంతో ఇంట్లో ఉండేకంటే మిద్దె మీద ఒక మూలన పడి ఉండటం మేలు అనే సామెత అది. ఆమె గతుక్కుమని ఫోన్ మూసేసింది. ఎవరడిగినా మంచిదే వచ్చిందని చెప్పింది. "దేవుడే నన్ను గయ్యాళి అన్నంక నేను నోరెట్ల తెరుస్త చెల్లె? ఆయనను దవాఖానకు పోతవా పోవా అని నిలదీద్దామంటే గదే గయ్యాళితనం అయితదాయె. లోపట్లనే ఏడుస్తున్న," అన్నదట.

అదన్నమాట సంగతి. ఆ యంత్రం పెద్దాయనను చావుకు సిద్ధం చేసింది, ఆయనను కదిలించగలిగిన ఒకే ఒక్క నోటినీ మూయించింది.

"నువ్వేమన్నవ్?" అని అడిగాను.

"గా వాక్యం నేను పెట్టెల ఎన్నడు ఎందుకు ఎయ్యలేదో చెప్పిన. ఎక్కడ నాకే వస్తదో అని భయమక్కా అన్న. అక్క పడిపడి నవ్వింది. నవ్వి నవ్వి, 'అయితే చెల్లె, ఏడాది వాక్యమంటే ఏడాదంత నడవాలె గదా' అన్నది. ఇగ నేనేం అనలే, లేసి వచ్చిన."

దవాఖానలో చేరాల్సిన రోజు వచ్చింది. కార్యదర్శి ఎవరూ అడగకుండానే తన కారు కడిగి తెచ్చాడు. మేకపోతు వాక్యం ఆయన మీద కొంత పనిచేసినట్టుంది. నేనూ మా ఆవిడా ఎక్కాం. పోయేసరికి పెద్దాయన ఇంట్లో లేడు. నిచ్చెన గోడకు ఆనించి ఉంది. ఆయన మిద్దె మీద, పిట్టగోడ మూలకు కూర్చుని, తాపీతో సిమెంటు పగుల్లోకి తోస్తున్నాడు. గుండె నాళాలు మూసుకుపోయిన మనిషి! గట్టిగా పిలవడానికి కూడా భయమేసింది.

పెద్దావిడ బయటికి వచ్చింది. చెంగు నడుముకు బిగించి తల పైకెత్తింది.

"ఓ అయ్యా! దిగుతవా, దిగవా?"

"నేను రాను. నా పని నేను జేసుకుంటున్న."

"నీకేం వాక్యం వచ్చిందో వాడంత చెప్పినవ్. నాకేం వచ్చిందో ఒక్కనాడన్న అడిగినవా?"

ఎన్నో రోజుల తర్వాత ఆ గొంతు వినబడేసరికి వాడలో తలుపులు తెరుచుకున్నాయి.

"గయ్యాళి పెండ్లాంతోని ఇంట్ల ఉండుడు కంటె మిద్దె మీద మూలకు వడి ఉండుడు నయమని వచ్చింది నాకు. సూడు, యాడ కూసున్నవో సూడు!"

ఆయన తాపీ ఆపి చుట్టూ చూసుకున్నాడు. మిద్దె. మూల. ఎవరో ఫక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఫోన్ల వచ్చింది నిజమా, అబద్ధమా? చెప్పు, అయ్యగారి ముందట చెప్పు."

"నిజమే," అన్నాడాయన, కాస్త మెల్లగా.

"అయితే దేవుడు నన్ను గీ యేడంత గయ్యాళిగ ఉండుమన్నడు. గిన్నొద్దులు నోరు మూసుకుని ఉన్న, ఆయన మాటకే ఎదురువోయిన. ఇయ్యాల్టి సంది తెరుస్త!"

తెరిచింది. పెళ్లినాటి నుంచి మొదలుపెట్టింది. వానకు కారే ఇంట్లో ఏళ్ల తరబడి గిన్నెలు పెట్టుకుంటూ తిరిగితే అప్పుడు కనబడని పగులు ఇప్పుడు కనబడిందా అంది. షిఫ్టు నుంచి వచ్చేదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చున్న రోజుల్లో తనకు ఏ ఫోన్ వాక్యం చెప్పిందని అడిగింది. పక్క వాడ నుంచి కూడా జనం వచ్చారు. ఆ ప్రవాహంలో ఎక్కడో ఆమె గొంతు తగ్గింది.

"జనవరిలనే నువ్వు సచ్చినవనుకో, నేనెవలకు గయ్యాళినైత? మొగడు లేనిదాన్ని గయ్యాళి పెండ్లాం అంటరా ఎవలన్న? నా వాక్యం గూడ ఏడాది నడవాలె. నువ్వు వోతే నాది అబద్ధమైతది. నా మాట ఇనకుంటె ఇనకు, దేవుణ్ణి అబద్ధాలకోరును జెయ్యకు." చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు లేకుంటె నేనెవల మీద ఒర్లాలె?"

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన తాపీ పిడితో పిట్టగోడను రెండుసార్లు కొట్టాడు. చెవి వంచి, గనిలో విన్నట్టే విన్నాడు.

"గట్టి సప్పుడే ఉంది," అన్నాడు.

ఒక్కొక్క మెట్టే దిగి వచ్చాడు. కార్యదర్శి నిచ్చెనను రెండు చేతులా పట్టుకున్నాడు. కిందికి వచ్చాక పెద్దాయన సిమెంటు చేతులు కడుక్కుంటూ నన్నడిగాడు. "అయ్యగారూ, రెండు వాక్యాలు ఎదురెదురువడితే ఏది నడుస్తది?"

"గట్టిగ వినవడ్డది," అన్నాను. నా మొత్తం సేవలో నేను చేసిన మంచి వ్యాఖ్యానం అదొక్కటే.

కారులో కరీంనగర్ దాకా ఆమె ఆగలేదు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ మధ్య మధ్య ఊఁ కొట్టాడు. ఆపరేషన్ బాగా జరిగింది. ఎండలు ముదిరేనాటికి ఆయన ఛాతీ మీద కుట్లతో ముందు బెంచీలో వచ్చి కూర్చున్నాడు. ఆరాధన కాగానే నా దగ్గరికి వచ్చి, "ఇగ తర్వాతి ముక్క గూడ నాదే అయ్యగారూ. పదిహేనేండ్లు. ఒక్కటి తక్కువైనా మిమ్ముల అడుగుత," అన్నాడు. అప్పటికి నేను రిటైరై ఉంటాను, కార్యదర్శిని అడుగు అని చెప్పాను.

మరుసటి డిసెంబరులో కమిటీ ఏ తీర్మానమూ చేయకుండానే పెట్టె అల్మారా మీదనుంచి దిగింది. అల్లుడు చేసినదాన్ని ఆదివారం పాటల సంఖ్యలు చూపించడానికి వాడుకున్నాం. ఆ పని అది చక్కగా చేస్తుంది. మా ఆవిడ పీట వేసుకుని చీటీలు రాస్తుంటే పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంది.

"చెల్లె, గా గయ్యాళి ముచ్చట గూడ ఒకటి రాసి ఎయ్యి. ఎవల ఇంట్లనన్న అవసరం వడ్తది."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను పేపర్ వైపు చూశాను. ఆమె రాసి పెట్టెలో వేసింది. చెడ్డవి వద్దన్న నియమానికి అదొక్కటే మినహాయింపు. అది వచ్చిన ఇంటి ఆడది ఆ ఏడాది తల ఎత్తుకుని తిరిగేది.

రిటైరయ్యాక పెట్టె మాతోపాటు కరీంనగర్ వచ్చింది. కొత్త పాస్టరు దగ్గర కొత్తది ఉందట, నేను అడగలేదు. పెద్దాయన ఇప్పటికీ ప్రతి జనవరి ఒకటిన పొద్దున్నే ఫోన్ చేస్తాడు, బతికే ఉన్నానని చెప్పడానికి. వెనకనుంచి ఆమె గొంతు వినబడుతుంది. ఎంత సేపు మాట్లాడతవ్, గోలీ ఏసుకున్నవా అని. తర్వాత మేమిద్దరం పెట్టె ముందు కూర్చుని చెరొక చీటీ తీస్తాం. నేను చటుక్కున తీసేస్తాను. మా ఆవిడ చెయ్యి మాత్రం పెట్టెలో కొంచెం ఎక్కువసేపే ఉంటుంది. ఎన్నేళ్లుగానో చూస్తున్నాను, ప్రతి ఏడాదీ ఆమెకు ఆ గయ్యాళి చీటీయే వస్తోంది. ఏరి తీస్తోందో, దానంతటదే వస్తోందో అడగను. ఆమెతో ఏరించేది ఎవరో పెద్దాయన నాకు ఎప్పుడో చెప్పాడు. ఆమె అడగకముందే లేచి వెళ్లి బీపీ గోలీ వేసుకుంటాను.